పల్నాడు ఎండలో అంజూర నిలుస్తుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో రెంటచింతలకు దగ్గరి ఊరు. మా అర ఎకరం నల్లరేగడిలో ఒక పక్కన రెండున్నరేళ్ల క్రితం 18 అంజూర మొక్కలు నాటాను. పది బ్రౌన్ టర్కీ, నాలుగు డయానా. మిగిలిన నాలుగు ‘టర్కీ దేశపు ఎండు అంజీర్ రకం’ అని చెప్పి నర్సరీలో ఇచ్చారు. ఈ వేసవిలో ఆకుల అంచులన్నీ మాడిపోయాయి. బ్రౌన్ టర్కీ, డయానా కాయలు మే నెలలో నిమ్మకాయంత కూడా ఊరకుండానే రంగు తిరిగి, తోలులా గట్టిపడ్డాయి. కొరికితే తీపి లేదు. ఆ నాలుగు చెట్లయితే రెండేళ్లుగా పిందె గోలీకాయంత కాగానే రాల్చేస్తున్నాయి. అమెరికాలో ఫీనిక్స్‌లో ఉన్న మా తమ్ముడు, అక్కడ 45 డిగ్రీలు దాటినా తన పెరటి చెట్టు బుట్టల కొద్దీ కాస్తుందని అంటాడు. మా మామగారు మాత్రం ఇది చల్లని దేశపు చెట్టు, పీకేసి మిరప వేద్దాం అంటున్నారు. చెట్లు తీసేయమంటారా? ఎండకు తట్టుకునే వేరే రకం ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

సమాధానం: అమ్మా, చెట్లు తీయకండి. కనీసం వచ్చే ఏప్రిల్ వరకు ఆగండి. మీరు రాసిన లక్షణాలన్నిటికీ ఎండే కారణమని మీరు అనుకుంటున్నారు. నాకు అందులో రెండు వేర్వేరు కథలు కనిపిస్తున్నాయి. ఒకటి ఎండ కథ, దానికి మార్గం ఉంది. రెండోది కందిరీగ కథ, దానికి మీ ఊళ్లో మార్గం లేదు.

ముందు మీ మామగారికి ఒక మాట చెప్పండి. కొండ ప్రాంతాల పండ్ల మొక్కలు తెచ్చి మైదానంలో పెట్టి నష్టపోయినవారిని ఆయన చూసే ఉంటారు, అందుకే ఆయన భయం న్యాయమైనదే. కానీ అంజూర చల్లని దేశపు చెట్టు కాదు. జోర్డాన్ లోయలో, జెరికో పట్టణానికి దగ్గరలో గిల్గాల్ అనే చోట జరిపిన తవ్వకాల్లో బొగ్గుగా మారిన అంజూర పండ్లు దొరికాయి. అవి దాదాపు 11,400 ఏళ్లనాటివని పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఆ లోయ సముద్రమట్టానికి దిగువన ఉంటుంది, వేసవిలో నిప్పుల కొలిమి. ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతంలో ఎస్తాహ్‌బాన్ అనే ఊరి చుట్టూ కొండవాలుల మీద అంజూర తోటలున్నాయి. అక్కడి రైతులు చెట్టు చుట్టూ పాదు కట్టి, అందులో నిలిచిన వానచుక్కతోనే ఆ తోటలను తరతరాలుగా నిలబెట్టుకుంటున్నారు. వేసవంతా అక్కడ వాన ఉండదు. పండు చెట్టు మీదే ఎండి నేల రాలితే ఏరుకుంటారు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన జాతి ఇది.

మరి మీ చెట్ల మీద కాయ ఎందుకు తోలుగా మారింది? మన ఉద్యాన నిపుణులు రైతులకు చెప్పే లెక్క ఒకటుంది. అంజూర చెట్టు 45 డిగ్రీల వరకు ప్రాణం నిలుపుకుంటుంది. పండు నాణ్యత మాత్రం 39 డిగ్రీలు దాటిన దగ్గర నుంచే పడిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఆరు డిగ్రీల్లోనే మీ సమస్య అంతా ఉంది. చెట్టు ఓర్చుకున్నది కాయ ఓర్చుకోలేదు.

అంజూర కాయ ఒకే వేగంతో పెరగదు. పిందె కట్టిన కొత్తలో చురుగ్గా ఊరుతుంది. తర్వాత కొన్ని వారాలు ఎదుగుదల ఆగినట్టు కనిపిస్తుంది, రోజూ వెళ్లి చూసేవారికి విసుగు పుడుతుంది. చివర్లో ఉన్నట్టుండి ఉబ్బి, మెత్తబడి, మెడ వాల్చి వేలాడుతుంది. పండులోని తీపిలో ఎక్కువ భాగం, బరువులో పెద్ద వాటా ఆ చివరి దశలోనే చేరతాయి. సరిగ్గా ఆ రోజుల్లో 43, 44 డిగ్రీల ఎండ, దానికి తోడు వడగాలి తగిలితే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీరు ఆవిరి కాకుండా కాపాడుకోవడానికి అది చేసే పని అది. రంధ్రాలు మూసుకున్న ఆకు తీపి తయారు చేయలేదు. కాయకు తిండి అందదు, వేడి మాత్రం దాన్ని తొందరపెడుతుంది. అలా ఊరకుండానే రంగు తిరుగుతుంది. కోసి ఇంట్లో పెడితే పండుతుందని ఎదురు చూడకండి, అరటిలా మామిడిలా అంజూర కోశాక తీపెక్కదు.

ఇక ఆ నాలుగు చెట్ల సంగతి. వీటి మీద మీరు ఎంత శ్రద్ధ పెట్టినా, ఎంత నీరు పోసినా ఫలితం ఉండకపోవచ్చని నా అనుమానం.

మన మేడిపండును చీల్చి చూసినవారందరికీ తెలుసు, లోపల సన్నని పురుగులు కదులుతాయి. అవి పండును పాడుచేసే పురుగులు కావు, దాన్ని ఫలింపజేసే చిన్న కందిరీగలు. మేడి, మర్రి, రావి, అంజూర అన్నీ ఒకే కుటుంబం. వీటి పువ్వులు బయటికి కనిపించవు. మనం కాయ అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. అడుగున ఉండే చిన్న కన్ను గుండా కందిరీగ లోపలికి దూరి పుప్పొడి అంటిస్తేనే ఆ పువ్వులు గింజ కడతాయి. అంజూరలో ఒక వర్గానికి ఈ సాయం అవసరం లేదు. బ్రౌన్ టర్కీ, డయానా, పూనా అంజూర, కడోటా, బ్లాక్ మిషన్ అన్నీ ఆ వర్గానివే, పుప్పొడి లేకుండానే పండుతాయి. ఇంకొక వర్గానికి కందిరీగ తప్పనిసరి. దాన్ని స్మిర్నా వర్గం అంటారు. ఇప్పటి ఇజ్మీర్ నగరం పాత పేరు స్మిర్నా. అక్కడి అయిదిన్ ప్రాంతంలో పండే సారీ లోప్ రకమే ప్రపంచానికి ఎండు అంజీర్‌గా పేరు తెచ్చింది. ‘టర్కీ దేశపు ఎండు అంజీర్ రకం’ అని మీకు ఇచ్చినది నిజంగా అదే అయితే, పుప్పొడి అందని పిందెలు గోలీకాయంత కాగానే పసుపు తిరిగి, ముడుచుకుని రాలిపోతాయి. మీరు రాసినదీ అదే.

ఈ అనుభవం మీ ఒక్కరిదే కాదు. 1880ల్లో కాలిఫోర్నియా రైతులు ఈ రకాన్నే ఎంతో ఆశతో తెప్పించుకున్నారు. చెట్లు ఏపుగా పెరిగాయి, పిందెలన్నీ రాలిపోయాయి. తమకు పనికిరాని కొమ్మలు అంటగట్టారని టర్కీవారిని అనుమానించినవారూ ఉన్నారు. ఫ్రెజ్నోలో జార్జ్ రోడింగ్ అనే తోటల యజమాని చేత్తో పుప్పొడి చేర్చి చూసి, లోపం చెట్టులో లేదని నిర్ధారించుకున్నాడు. చివరికి మగ అంజూర చెట్లతో పాటు ఆ కందిరీగను కూడా తెప్పించి 1899లో అక్కడ నిలదొక్కుకునేలా చేశారు. అప్పుడు గానీ కాయ నిలవలేదు. కాలిఫోర్నియా, స్మిర్నా రెండు పేర్లూ కలిపి ఆ రకానికి కాలిమిర్నా అని పేరు పెట్టుకున్నారు. మన తోటల్లో ఆ కందిరీగ లేదు, అది బతకడానికి కావలసిన మగ అంజూర చెట్లూ లేవు. మన మేడిలోని కందిరీగ ఈ పని చేయదు. ఒక్కో జాతికి దాని కందిరీగ వేరు.

అయినా నా అనుమానం మీద ఆధారపడి చెట్లు కొట్టేయమని చెప్పను. పరీక్ష సులభం. కింద చెప్పబోయే విధంగా ఈసారి కాపును చలికాలానికి మార్చండి. జనవరిలో, ఎండ అనే మాటే లేని రోజుల్లో, పక్కనున్న బ్రౌన్ టర్కీ కాయలు నిలిచి ఈ నాలుగు చెట్ల పిందెలన్నీ మళ్లీ రాలితే ఇక సందేహం లేదు. అప్పుడు వాటిని మొదలుకు పైన కోసి బ్రౌన్ టర్కీ కొమ్మతో అంటు కట్టించుకోవచ్చు. అంతకంటే తేలిక, మీ బ్రౌన్ టర్కీ కత్తిరింపుల్లో వచ్చే బొటనవేలి లావు కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి కవర్లలో నాటుకోవడం. అంజూర కొమ్మ సులువుగా వేరు పోస్తుంది. కొత్త మొక్కలకు మీరు డబ్బు పెట్టనవసరం లేదు.

బ్రౌన్ టర్కీ పేరు చూసి కంగారు పడకండి. పేరులో టర్కీ ఉన్నా అది స్మిర్నా వర్గం కాదు. అమెరికాలో ఈ పేరుతో రెండు వేర్వేరు రకాలు చెలామణిలో ఉన్నాయి. అంజూరలో పేర్ల గందరగోళం అంత ఉంది. నర్సరీలో అడగవలసిన ప్రశ్న ‘ఇది ఏ దేశపు రకం’ అని కాదు, ‘ఈ మొక్కకు కొమ్మ ఇచ్చిన తల్లిచెట్టు మన దగ్గరే కాస్తున్నదా, చూపిస్తారా’ అని.

ఎండను తట్టుకునే రకాల గురించి మీరు అడిగారు. ఎడారి వేడికి అలవాటుపడిన రకాల్లో నాలుగు ముఖ్యం. బ్లాక్ మిషన్ 1769లో శాన్ డియాగోలో స్పెయిన్ క్రైస్తవ గురువులు స్థాపించిన మఠం నుంచి కాలిఫోర్నియా అంతటా పాకింది. నల్లని తొక్క, లేత ఎరుపు గుజ్జు, చాలా కాలం బతికే చెట్టు. కడోటా ఇటలీలో దొత్తాతో అనే పాత రకం. పసుపు కలిసిన ఆకుపచ్చ తొక్క దళసరిగా ఉంటుంది, పొడి వేడిలోనే దాని రుచి బాగా తేలుతుంది. కొనాడ్రియా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐరా కాండిట్ సంకరం చేసి పుట్టించిన రకం, 1956లో విడుదలైంది. చురుగ్గా పెరుగుతుంది, వేడిలో పండు తొందరగా పులిసిపోదు. నాలుగోది మీ దగ్గరున్న బ్రౌన్ టర్కీ. డయానా కూడా కాలిఫోర్నియా నుంచే మన దేశానికి వచ్చింది, పెద్ద కాయ, కర్ణాటక రైతులు బాగా పెంచుతున్నారు.

సెలెస్ట్ అనే రకాన్ని కొందరు గొప్పగా చెబుతారు. దాని కన్ను బాగా మూసుకుని ఉంటుంది కాబట్టి వానలు, తేమ ఎక్కువగా ఉండే అమెరికా దక్షిణ తీరంలో పండు పులవకుండా నిలుస్తుంది. అది తేమకు జవాబు, పొడి వేడికి కాదు. ఎండ ముదిరి నీరు తగ్గితే పిందె రాల్చే గుణం దానికుంది. డెజర్ట్ కింగ్ పేరులో ఎడారి ఉంది గానీ దానికి నచ్చేది చల్లని వాతావరణం. దాని తొలి కాపు మాత్రమే కందిరీగ లేకుండా పండుతుంది, ప్రధాన కాపు మనకు అందదు. పేరు చూసి అంతర్జాలంలో కొనేవారు చాలామంది ఉన్నారు, అందుకే ఈ మాట చెబుతున్నాను.

కానీ అమ్మా, ఈ రకాల్లో దేన్ని తెచ్చినా మే నెలలో రెంటచింతల ఎండలో చివరి దశకు వచ్చిన కాయను కాపాడలేదు. రకానికీ రకానికీ తేడా మీరు వెతుకుతున్న చోట లేదు. మీకు పనికొచ్చే తేడా కత్తిరింపు దగ్గర ఉంది. బ్రౌన్ టర్కీ ప్రధాన కాపు కొత్త చిగురు మీద వస్తుంది. గట్టిగా కత్తిరిస్తే గట్టిగా చిగురించి, ఆకు ఆకు దగ్గరా పిందె వేస్తుంది. అంటే అది ఎప్పుడు కాయాలో మీరు నిర్ణయించవచ్చు. బ్లాక్ మిషన్ ముదిరాక గట్టి కత్తిరింపును ఇష్టపడదు. దాని కాలం దాని చేతుల్లోనే ఉంటుంది. మీ ఊరి ఎండకు బ్రౌన్ టర్కీ మంచిదని నేను అనడానికి కారణం అది ఎండను ఓర్చుకుంటుందని కాదు, ఎండను తప్పించుకోవడానికి మనకు వీలిస్తుందని.

ఈ విద్య మనకు కొత్త కాదు. పుణె దగ్గర పురందర్ తాలూకాలో, సాస్వడ్ చుట్టుపక్కల రైతులు పూనా అంజూరను ఇలాగే నడిపిస్తారు. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లు ఏడాదిలో రెండు కాపులను చెబుతారు. వానల్లో వచ్చేది ఖట్టా బహార్, పులుపు కాపు. చలి వెనుక వచ్చేది మీఠా బహార్, తీపి కాపు. చెట్టు ఒకటే, నేల ఒకటే. కాయ ఏ గాలిలో పండిందన్నదాన్ని బట్టి పేరే మారిపోయింది. ఆ తోటల్లో నడిచినప్పుడు నాకు అర్థమైంది ఇదే, వాళ్లు చెట్టుతో పాటు నెలలను కూడా సాగు చేస్తున్నారు.

మీరు చేయవలసింది ఇది. సెప్టెంబర్ రెండో పక్షంలో నీరు తగ్గించి చెట్టుకు కాస్త విశ్రాంతి ఇవ్వండి. నల్లరేగడి కాబట్టి వానలుంటే నేల త్వరగా ఆరదు, అక్టోబర్ మొదటి రెండు వారాల్లో వాన తెరిపి ఇచ్చిన రోజులు చూసుకుని కత్తిరించండి. మీ చెట్లకు మూడో ఏడు. బలమైన నాలుగైదు కొమ్మలు ఉంచి, వాటి మీద ఈ ఏడాది వచ్చిన రెమ్మలను రెండు మూడు కణుపుల వరకు తగ్గించండి. లోపలికి పెరిగినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి తీసేయండి. కోసిన చోట బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) పూసి, చెట్టంతా 1 శాతం బోర్డో మిశ్రమం తడపండి. రాలిన ఆకులను తోటలో ఉంచవద్దు, తుప్పు తెగులు వాటి మీదే దాగి ఉంటుంది. ఆకు అడుగున ఇటుకపొడి చల్లినట్టు మచ్చలు వస్తే అదే ఆ తెగులు. తర్వాత చెట్టుకు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు కాదు, రెండు తట్టలు వేసి నీరు పెట్టండి. పది పదిహేను రోజుల్లో చిగురు, ఆ వెనుకే పిందెలు వస్తాయి. ఫిబ్రవరిలో కోత మొదలై ఏప్రిల్ మొదటి వారాల వరకు సాగాలి. మార్చి చివర ఇంకా గోలీకాయంతే ఉన్న పిందెలు కనిపిస్తే మనసు గట్టి చేసుకుని తుంచేయండి. అవి మే నెలకు చేరతాయి, మీకు ఇవ్వగలిగేది ఏమీ ఉండదు, చెట్టు బలం మాత్రం తింటాయి.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కత్తెర ముట్టుకోకండి. ఆ తప్పు నేను చేశాను. గుబురుగా ఉందని ఏప్రిల్ చివర లోపలి కొమ్మలు తీసేశాను. అంతవరకు ఆకు నీడలో ఉన్న బెరడు వారం రోజుల్లో పడమటి వైపు పగిలి, ఆ పగుళ్లలోంచి కాండం తొలిచే పురుగు చేరింది. ఎదిగిన చెట్టు రెండేళ్లలో పోయింది. అప్పటి నుంచి మార్చిలోనే మొదలుకు, లావు కొమ్మలకు సున్నం పూత వేయడం మానలేదు. సున్నపు తెలుపు ఎండను తిప్పికొడుతుంది. మీరూ వేయండి. బెరడు మీద రంపపు పొట్టు లాంటిది కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే, సన్నని తీగ దూర్చి లాగేయాలి.

మే నెలలో చెట్టు సగం ఆకు రాల్చిందని భయపడి రెట్టింపు నీరు పెట్టకండి. ఆకు రాల్చడం అంజూరకు తెలిసిన ఆత్మరక్షణ. జూన్ తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఆకు లేని చెట్టు నీరు తాగలేదు, నల్లరేగడి ఆ నీటిని వదలదు, వేళ్లు కుళ్లుతాయి. మీ నేల విషయంలో నాకు ఎండకంటే ఎక్కువ బెంగ ఇదే. వానల్లో మొదళ్ల దగ్గర ఒక రోజుకు మించి నీరు నిలుస్తుంటే వరుసల మధ్య కాలువ తీసి, ఆ మట్టిని చెట్టు వైపు ఎగదోసి గట్టులా చేయండి.

కాయ ఉన్న రోజుల్లో, ముఖ్యంగా ఫిబ్రవరి తర్వాత, ఎదిగిన చెట్టుకు డ్రిప్పుతో రోజుకు 15 నుంచి 20 లీటర్లు అని మన దగ్గర లెక్క. మీ చెట్లు ఇంకా చిన్నవి, అందులో సగంతో మొదలుపెట్టి నేలను చూసి పెంచండి. జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట పట్టండి. ఉండ కట్టి, చేతికి అంటకుండా ఉంటే సరిపోయినట్టు. డ్రిప్పు చుక్క పడే చోటు మొక్క నాటిన రోజు ఎక్కడ ఉందో ఇప్పుడూ అక్కడే, మొదలు పక్కనే, ఉండి ఉంటుంది. చాలా తోటల్లో చూశాను ఈ పొరపాటు. కొమ్మల అంచు ఎంత దూరం పాకిందో వేళ్లు అంతకు మించి పాకుతాయి. డ్రిప్పర్లను రెండు మూడు అడుగులు బయటికి జరపండి. పాదు మీద నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి గానీ కంది పొట్టు గానీ పరిచి, మొదలుకు మాత్రం తగలకుండా జానెడు వదలండి. అంజూర వేళ్లు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయి, ఆ కప్పు లేకపోతే మే నెల నేల వాటిని ఉడికిస్తుంది. నీరు ఒక వారం ఎగ్గొట్టి మరో వారం ముంచెత్తితే కాయ పగులుతుంది. కొద్దిగానైనా క్రమంగా ఇవ్వడమే మంచిది.

ఆకుల అంచులు మాడడానికి నీటిలోని ఉప్పు కూడా కారణం కావచ్చు. మీరు పెట్టేది కాలువ నీరో బోరు నీరో రాయలేదు. డ్రిప్పర్ల చుట్టూ మట్టి మీద తెల్లని పొర కడుతుంటే బోరు నీటి నమూనాను మట్టి పరీక్ష కేంద్రంలో ఇచ్చి చూడండి. అంజూర కొంత ఉప్పును, సున్నపు నేలను ఓర్చుకుంటుంది కాబట్టి దీనివల్ల చెట్టు పోతుందని కాదు. వానాకాలంలో గట్టి వాన ఆ ఉప్పును కిందికి దించేలా పాదులు సరిచేసుకుంటే చాలు.

మీ మామగారికీ మీకూ మధ్య రాజీగా, అంజూర వరుసల మధ్య మిరప వేద్దామన్న ఆలోచన వస్తుందేమో. అది మాత్రం వద్దు. మిరప, టమాట, వంగ, బెండ నాలుగూ వేరుబుడిపెలు కట్టించే నులిపురుగులను పోషిస్తాయి. అంజూర వేళ్లకు అంతకంటే పెద్ద శత్రువు లేదు. ఇప్పుడే ఒక చెట్టు పక్కన మట్టి తప్పించి సన్న వేళ్లు చూడండి. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే వేప పిండి వేసి, చుట్టూ బంతి మొక్కలు పెట్టండి. మిరప కావాలంటే మిగిలిన నేలలో, అంజూరకు ఎడంగా వేసుకోండి. మిరప మీద కొట్టే మందులు గాలికి ఇటు కొట్టుకురాకుండా పడమటి గట్టున అవిశ గానీ మునగ గానీ రెండు వరుసలు దగ్గరగా పెట్టండి. అదే వడగాలికి కూడా అడ్డం. ఆ నీడ అందేదాకా వచ్చే ఒకటి రెండు వేసవుల్లో పడమటి వైపు నీడవల కట్టవచ్చు, జూన్ రాగానే తీసేయండి. అంజూరకు వెలుగు తగ్గితే తీపీ తగ్గుతుంది.

మీ తమ్ముడి చెట్టు గురించి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఫీనిక్స్‌లో అంజూర బాగా వస్తుంది. కానీ ఆయనను మూడు ప్రశ్నలు అడగండి. చెట్టు వయసు ఎంత? పండ్లు ఏ నెలల్లో కోస్తున్నారు? శీతకాలంలో ఆకు పూర్తిగా రాలుతుందా? పదేళ్ల చెట్టు వేరు ఎంత లోతు నుంచి నీరు తెచ్చుకుంటుందో మీ రెండున్నరేళ్ల మొక్క తెచ్చుకోలేదు. అక్కడ చలికాలపు రాత్రులు బాగా చల్లబడతాయి, చెట్టు నిండా విశ్రాంతి తీసుకుని లేస్తుంది. అంజూరకు చలి ఎక్కువ అవసరం లేకపోయినా ఆ నిద్ర దానికి బలం. మన దగ్గర ఆ నిద్ర దొరకదు కాబట్టే సెప్టెంబర్‌లో నీరు ఆపి, అక్టోబర్‌లో కత్తిరించి మనమే ఇవ్వాలి. ఆయన దగ్గరున్నది బ్లాక్ మిషనా, బ్రౌన్ టర్కీనా అని కూడా అడగండి. అయితే ఆయన వచ్చేటప్పుడు పెట్టెలో కొమ్మలు తెమ్మని మాత్రం చెప్పకండి. అనుమతి, పరీక్ష లేకుండా మొక్కల భాగాలను దేశంలోకి తేవడం చట్టరీత్యా తప్పు. కొమ్మతో పాటు అక్కడి తెగుళ్లు కూడా మన తోటల్లోకి వస్తాయి.

మిగిలిన నేలంతా అంజూరే వేయాలా అన్నది మీరు అడగలేదు గానీ ఉత్తరంలో ఆ ఆశ కనిపించింది. 5 మీటర్ల ఎడంతో నాటితే అర ఎకరానికి 80 చెట్లు పడతాయి. ఇప్పుడే ఆ పని చేయకండి. పండిన అంజూర రెండు మూడు రోజులకు మించి ఆగదు. తెల్లవారుజామున కోసి అదే రోజు నరసరావుపేటలోనో గుంటూరులోనో అమ్ముడుపోవాలి. ఎవరు కొంటారో ఈ 14 చెట్ల కాపుతో తెలుసుకోండి. కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, తొడిమ నుంచి కారే పాలు చర్మాన్ని మండిస్తాయి. పిల్లలు కోస్తే మరీ జాగ్రత్త.

మార్చిలో మళ్లీ రాయండి. ఒక్కో చెట్టుకు ఎన్ని కాయలు నిలిచాయి, ఆ నాలుగు చెట్ల కింద ఎన్ని పిందెలు రాలాయి, రాలినప్పుడు పగటి వేడి ఎంత ఉంది, ఒక పాత నోటు పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టుకోండి. వీలైతే రాలిన పిందెలను రెండుగా కోసి చూడండి. లోపల ఎండిపోయి, బోలుగా ఉండి, గింజ ఒక్కటీ లేకపోతే ఆ సంగతి కూడా రాయండి.